చెవిలో గులిమిని నీళ్లతో కడిగి తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెవి దిబ్బడ పడిందంటే చాలామంది చెయ్యి ముందు పుల్ల కోసమే వెతుకుతుంది. గులిమి ఇంకా లోపలికి పోయేది అక్కడే. నీళ్లతో కడగడం అంతకన్నా చాలా మంచి పద్ధతి, కాకపోతే అందరి చెవులకీ కాదు, ఎలాపడితే అలా కాదు. తొందరగా ఉండి చదివేవాళ్లు మిగతావి వదిలేసినా ‘ఎవరు కడుక్కోకూడదు’ అన్న ప్రశ్న మాత్రం వదలకండి.

గులిమి అంటే మురికేనా?

కాదు. చెవి కాలువలో బయటివైపు మూడోవంతు భాగంలో చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి వచ్చే జిడ్డు, రాలిపోయిన చర్మపు పొలుసులు, కాస్త దుమ్ము, ఒకటి రెండు వెంట్రుకలు కలిసి గులిమి అవుతుంది. దాన్నే కొందరు గుబిలి అంటారు. అందులో ఎక్కువ భాగం చర్మపు పొలుసులే. దానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియా, ఫంగస్ అంత తేలిగ్గా పెరగవు. జిడ్డు ఉంటుంది కాబట్టి స్నానం నీళ్లు లోపలి చర్మాన్ని నానబెట్టవు. గులిమి బొత్తిగా లేని చెవి పొడిబారి దురద పెడుతుంది.

పైగా చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. కర్ణభేరి మీద పుట్టిన చర్మం ఇంచుమించు గోళ్లు పెరిగే వేగంతో మెల్లగా బయటివైపు జరుగుతూ వస్తుంది, గులిమిని కూడా మోసుకొస్తుంది. మనం నమిలినప్పుడు, మాట్లాడినప్పుడు దవడ కదలిక కూడా దానికి సాయపడుతుంది.

కొందరి గులిమి తేనెరంగులో జిగటగా ఉంటుంది, కొందరిది బూడిదరంగులో పొడిపొడిగా రాలుతుంది. ఏదీ జబ్బు కాదు. ఈ తేడా ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుందని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. అదే జన్యువుకు చంకల్లో చెమట వాసనతోనూ సంబంధం ఉంది!

మరి కొందరికే ఎందుకు గడ్డకడుతుంది?

చాలాసార్లు మన చేతులారా చేసుకున్నదే. కాటన్ బడ్ పెట్టి తిప్పితే దూదికి కాస్త అంటుకుని బయటికొస్తుంది, దాన్ని చూసి శుభ్రమైందనుకుంటాం. అంతకు కొన్ని రెట్లు లోపలికి తోసేసి ఉంటాం. తుపాకీ గొట్టంలో మందు దట్టించినట్టే ఇది. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లకి, రోజంతా ఇయర్‌ఫోన్లు చెవిలోనే ఉండేవాళ్లకి గులిమి బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. కాలువ ఇరుకుగా ఉన్నా, లోపల వెంట్రుకలు ఎక్కువగా ఉన్నా అదే సమస్య. వయసు పైబడేకొద్దీ గులిమి ఎండి గట్టిపడుతుంది. అందుకే ముసలివాళ్లలో ఇది మరీ ఎక్కువ. పెద్దవాళ్లలో సుమారు ఇరవైమందిలో ఒకరికి, పిల్లల్లో పదిమందిలో ఒకరికి గులిమి అడ్డుపడే స్థాయికి చేరుతుందని వైద్యుల లెక్క.

నాది గులిమి సమస్యేనని ఎలా తెలుసుకోవాలి?

ఒక చెవి మూసుకుపోయినట్టు ఉండటం, వినికిడి మందగించడం, హోరు, లోపల దురద, బరువుగా ఉండటం మామూలు లక్షణాలు. స్నానమో ఈతో అయిన వెంటనే టక్కున మూసుకుపోయిందంటే గులిమి నీళ్లు పీల్చుకుని ఉబ్బిందని అనుమానించవచ్చు. కొందరికి పొడిదగ్గు కూడా వస్తుంది. గుండె, ఊపిరితిత్తుల దాకా వెళ్లే వేగస్ అనే నరానికి ఒక చిన్న కొమ్మ చెవి కాలువలోనూ ఉంటుంది, గులిమి దాన్ని కదిలిస్తే గొంతులో గరగర మొదలవుతుంది. ఎంతకీ తగ్గని దగ్గుకు కారణం చెవిలో దొరికిన సందర్భాలు ఉన్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వినిపించకుండా పోతే ‘గులిమే అయ్యుంటుంది, చుక్కలు వేసి చూద్దాం’ అని వారం రోజులు కూర్చోకండి. లోపలి చెవి నరం దెబ్బతిన్నా సరిగ్గా ఇలాగే ఉంటుంది. దానికి మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది, ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు. ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. నోరు మూసుకుని ‘మ్‌మ్‌మ్’ అని కూనిరాగం తీయండి. ఆ శబ్దం మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే గులిమిలాంటి అడ్డు ఉండొచ్చు. బాగున్న చెవిలో గట్టిగా వినిపిస్తే అనుమానం నరం మీద, అదే రోజు ఈఎన్‌టీ డాక్టరును చూడాలి. ఇది ఒక సూచన మాత్రమే. గులిమి అనిపించినా హఠాత్తుగా వచ్చిన చెవుడును డాక్టరు చూడాల్సిందే.

ఇబ్బందేమీ లేదు, కానీ చెవిలో గులిమి కనిపిస్తోంది. తీయించాలా?

అక్కర్లేదు. కనిపిస్తోందంటే బయటికి వస్తోందన్నమాట. చెవి డొప్ప దగ్గరికి వచ్చినదాన్ని తడిగుడ్డతో తుడిచేయండి, అంతే. మాట చెప్పుకోలేని పిల్లలు, మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఆగకండి. ‘వినిపించట్లేదు’ అని వాళ్లు చెప్పలేరు కాబట్టి చూపించడమే మంచిది.

ఎవరు నీళ్లతో కడుక్కోకూడదు?

కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు, ఎప్పుడో ఉండేదని అనుమానం ఉన్నవాళ్లు చెవిలో నీళ్లు కొట్టనే కూడదు. ఆ చిల్లులోంచి నీళ్లు మధ్య చెవిలోకి పోయి ఇన్ఫెక్షన్ తెస్తాయి, ఒక్కోసారి వినికిడికే ఎసరు పెడతాయి. చిల్లు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చెవి కారిన చరిత్ర, చెంపదెబ్బో పేలుడు శబ్దమో తిన్నాక వచ్చిన నొప్పి, ముక్కు మూసుకుని చీదితే చెవిలోంచి గాలి బుస్సుమనడం లాంటివి అనుమానించాల్సిన గుర్తులు. ఇవేవీ లేవంటే చిల్లు లేదని గ్యారంటీ మాత్రం కాదు. గులిమి అడ్డం ఉన్నప్పుడు కర్ణభేరి డాక్టరుకే కనిపించదు, ఇక అద్దంలో చూసుకునే మనకేం కనిపిస్తుంది? అందుకే జీవితంలో మొదటిసారి కడిగించుకునేవాళ్లు డాక్టరు దగ్గరే చేయించుకుంటే మంచిదని నా అభిప్రాయం.

చెవికి ఆపరేషన్ అయినవాళ్లు, గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టించుకున్నవాళ్లు, ప్రస్తుతం చెవిపోటు, చీము, వాపు ఉన్నవాళ్లు, గత ఆరు వారాల్లో మధ్య చెవి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు, గ్రహణం అంగిలితో (నోటి పైకప్పులో చీలికతో) పుట్టినవాళ్లు, లోగడ కడిగినప్పుడు ఏదైనా తేడా జరిగినవాళ్లు కూడా దూరంగా ఉండాలి. ఒకే చెవి పనిచేస్తున్నవాళ్లయితే ఆ చెవి మీద ప్రయోగాలు అసలే వద్దు.

షుగర్ ఉన్నవాళ్లది ఇంకో కథ. వాళ్ల కర్ణభేరి బాగానే ఉండొచ్చు. కానీ కడిగాక మిగిలిన తడిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పట్టుకుంటే చర్మం దాటి ఎముక దాకా వెళ్లే ప్రమాదం ఉంది. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకూ, తలకు మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకూ ఇదే జాగ్రత్త. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న గీత పడినా రక్తం త్వరగా ఆగదు. వీళ్లందరూ డాక్టరును అడిగాకే ముందుకెళ్లాలి.

ముందు మెత్తబరచడం తప్పనిసరా?

ఇంట్లో చేసుకునేటట్టయితే తప్పనిసరి అనే అంటాను. గట్టి గులిమి మీద నీళ్లు కొడితే అది కదలదు, మనం ఇంకా గట్టిగా కొడతాం, గొడవ అక్కడ మొదలవుతుంది. ఆలివ్ నూనె, సోడియం బైకార్బొనేట్ చుక్కలు, మందుల షాపులో దొరికే పెరాక్సైడ్ చుక్కలు, ఏవైనా సరే. రోజుకు రెండు మూడుసార్లు, రెండు మూడు చుక్కలు, మూడు నుంచి ఐదు రోజులు. చుక్కలు వేశాక ఐదు నిమిషాలు ఆ చెవి పైకి ఉండేలా పక్కకు తిరిగి పడుకోండి. వీటిలో ఏది గొప్ప అంటే, పరిశోధనల్లో ఒకదానికి మరొకదానికి చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మామూలు నీళ్లూ ఉప్పునీళ్లూ కూడా పోటీలో వెనకబడలేదు.

రెండు హెచ్చరికలు. నూనెను పొయ్యి మీద కాచి పోయకండి. చెయ్యి తట్టుకునే వేడి కూడా కర్ణభేరిని కాల్చగలదు. గది వేడిమిలో ఉన్న నూనె చాలు. రెండోది, చుక్కలు మొదలుపెట్టిన ఒకటి రెండు రోజులు గులిమి ఉబ్బి చెవి ఇంకా మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. టెన్షన్ పడొద్దు, పని జరుగుతోందనే అర్థం. మంట, నొప్పి వస్తే మాత్రం ఆపేయండి. బాదం, వేరుసెనగ లాంటివి పడనివాళ్లు ఆ నూనెలున్న చుక్కల జోలికి పోకూడదు. చిల్లు ఉందన్న అనుమానం ఉంటే ఏ చుక్కలూ వద్దు. ఆ ఐదు రోజులతోనే గులిమి దానంతట అదే బయటికి వచ్చేసిన సందర్భాలు బోలెడు, అప్పుడు ఇక సిరంజితో పనే లేదు.

నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి? అది అంత ముఖ్యమా?

ఒంటి వేడితో సమానంగా, అంటే 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర. చాలా ముఖ్యం. మన నిలకడను చూసుకునే అర్ధవృత్తాకార నాళాలు చెవి కాలువకు దగ్గర్లోనే ఉంటాయి. చల్లటి నీళ్లో వేడి నీళ్లో తగిలితే వాటిలోని ద్రవం ఒకవైపు చల్లబడో వేడెక్కో కదలడం మొదలుపెడుతుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నా మెదడుకు ‘తల తిరుగుతోంది’ అన్న కబురు అందుతుంది. గది గిర్రున తిరుగుతుంది, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, వాంతి వస్తుంది.

వియన్నాలో రాబర్ట్ బారనీ అనే చెవి వైద్యుడు రోగుల చెవులు కడిగేటప్పుడే దీన్ని గమనించాడు. చల్లటి నీళ్లు పోస్తే కళ్లు ఒకవైపు, వేడినీళ్లు పోస్తే ఇంకోవైపు కొట్టుకుంటున్నాయని చూసి, దాన్నే లోపలి చెవికి పరీక్షగా మార్చాడు. 1914 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆ కబురు అందేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. ఆ పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది. నేను ఒకసారి తెలియక కుళాయి నీళ్లు చల్లగానే కొట్టుకుని, అర నిమిషం పాటు వాష్‌బేసిన్ పట్టుకుని వేలాడాను. నోబెల్ సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది.

థర్మామీటర్ ఉంటే దానితో చూడండి. లేకపోతే మణికట్టు లోపలివైపు నాలుగు చుక్కలు వేసుకోండి. చల్లగానూ వేడిగానూ అనిపించకుండా, అసలు తగిలినట్టే లేకపోతే సరిపోయినట్టు. కాచి చల్లార్చిన నీళ్లు మంచివి.

ఏ సిరంజి వాడాలి?

రబ్బరు బల్బు సిరంజి అన్నిటికన్నా నయం, మెత్తగా ఉంటుంది, ఒత్తిడి మన చేతిలో ఉంటుంది. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి కూడా వాడవచ్చు. సూది ఉన్నది దగ్గరికి కూడా తేవద్దు. పళ్లు శుభ్రం చేసుకునే నీటి జెట్ పరికరాలు, షవర్ గొట్టం పనికిరావు. వాటి ధారకు కర్ణభేరి చిరిగిపోవచ్చు. ఒకరు వాడిన బల్బు మరొకరు వాడకూడదు.

సరే, ఎలా చేయాలి?

నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని చేయండి. కళ్లు తిరిగినా పడిపోకుండా ఉంటారు. పక్కన ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది. భుజం మీద తువ్వాలు, చెవి కింద గిన్నె. తల నిటారుగా ఉంచి గిన్నెవైపు కొద్దిగా వంచండి.

చెవి కాలువ తిన్నటి గొట్టం కాదు, పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుతో కాస్త మెలిక తిరిగి ఉంటుంది. చెవి డొప్పను పైకీ వెనక్కీ మెల్లగా లాగితే ఆ మెలిక సాపు అవుతుంది. సిరంజిలో గాలి లేకుండా నీళ్లు నింపుకుని, దాని కొనను చెవి ద్వారం దగ్గరే ఉంచండి. లోపలికి దూర్చి ద్వారాన్ని బిగించేశారో, వచ్చిన నీళ్లు వెనక్కి వెళ్లే దారి లేక ఒత్తిడి అంతా కర్ణభేరి మీద పడుతుంది. కొన పక్కన ఖాళీ ఉండాలి.

ఇక ధార ఎటు కొట్టాలన్నదే అసలు కిటుకు. సూటిగా లోపలికి కాదు. కాలువ పైగోడ మీదికి, కాస్త వెనకవైపుకు కొట్టాలి. నీళ్లు ఆ గోడ వెంట పాకి, గులిమి వెనక్కి చేరి, అక్కడి నుంచి దాన్ని బయటికి తోస్తాయి. సూటిగా కొడితే ఎదురుగా ఉన్న గులిమినే ఇంకా లోపలికి నెట్టినట్టవుతుంది. మెల్లగా, ఆగి ఆగి నొక్కండి. సిరంజి ఖాళీ అయ్యాక తల బాగా వంచి నీళ్లన్నీ గిన్నెలోకి కారనివ్వండి, ఏం వచ్చిందో చూడండి. ఒక్కోసారి ముక్కలుముక్కలుగా వస్తుంది, ఒక్కోసారి కాలువ అచ్చు దిగినట్టు ఒకే ముద్ద జారి పడుతుంది. అది పడ్డ క్షణంలో గదిలో ఫ్యాన్ చప్పుడు ఎంత పెద్దదో తెలిసొస్తుంది.

నాలుగైదుసార్లు కొట్టినా ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాలా?

వద్దు. నీళ్లు కాలువలో నింపి పావుగంట అలాగే పక్కకు పడుకుని, మళ్లీ ఒక్కసారి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ఆ రోజుకు ఆపేసి ఇంకో మూడు నాలుగు రోజులు చుక్కలు వేసుకోండి. రెండో విడతలోనూ కదలలేదంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అది ఓటమేం కాదు, కొన్ని గులిమిలు రాయిలా ఉంటాయి.

మధ్యలో నొప్పి వచ్చింది. కొంచెం ఓర్చుకోవచ్చా?

ఓర్చుకోకూడదు. ఇందులో నొప్పి ఉండనే ఉండదు. నొప్పి, రక్తం, వినికిడి చటుక్కున తగ్గడం, నీళ్లు గొంతులోకి దిగినట్టు అనిపించడం, వీటిలో ఏది కనిపించినా సిరంజి కింద పెట్టేసి డాక్టరును కలవండి. నీళ్లు గొంతులో తగిలాయంటే కర్ణభేరికి చిల్లు ఉందనే అనుకోవాలి. కొద్దిగా తల తిరిగితే చాలావరకు నీళ్ల వేడిలో తేడాయే. కదలకుండా ఒక వస్తువు మీద చూపు నిలిపి కూర్చుంటే ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. తగ్గకపోతే, ముఖం వంకర పోయినట్టు ఉంటే అది ఎమర్జెన్సీ.

కడిగాక చెవి ఎలా ఆరబెట్టాలి?

తల వంచి, డొప్పను అటూ ఇటూ కదిలించి నీళ్లు కారనివ్వండి. బయటి భాగం తువ్వాలుతో అద్దండి. హెయిర్ డ్రైయర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి జానెడు దూరం నుంచి అర నిమిషం. తడి ఆరుతుందని కాటన్ బడ్ పెడితే నానిన చర్మం ఇట్టే గీసుకుపోతుంది. తర్వాతి రెండు మూడు రోజుల్లో దురద, నొప్పి, వాసన, కారడం మొదలైతే ఇన్ఫెక్షన్ అని అర్థం.

పిల్లలకు ఇంట్లో చేయవచ్చా?

చిన్నపిల్లలకు వద్దు. కాలువ పొట్టిగా, ఇరుకుగా ఉంటుంది. మధ్యలో తల విదిలిస్తే సిరంజి కొన గుచ్చుకుంటుంది. చిన్నపిల్లల చెవి డొప్పను పైకి కాదు, కిందికీ వెనక్కీ లాగాలి. ఇది కూడా చుక్కలు వేసేటప్పుడు పనికొస్తుందనే చెబుతున్నాను.

చెవిలో పురుగు దూరింది, గింజ ఇరుక్కుంది. నీళ్లు కొట్టవచ్చా?

గింజకు వద్దే వద్దు. బఠాణీ, చిక్కుడు లాంటివి నీళ్లు తగిలితే ఉబ్బి కాలువలో బిగుసుకుంటాయి. బటన్ బ్యాటరీ అయితే మరీ ప్రమాదం. తడి తగిలితే గంటల్లోనే చర్మాన్ని తినేస్తుంది. నీళ్లూ వద్దు, చుక్కలూ వద్దు, నేరుగా ఆస్పత్రికే. బతికున్న పురుగు లోపల కదులుతుంటే, చిల్లు లేదని తెలిస్తే, నాలుగు చుక్కల నూనె వేసి అది కదలడం ఆగాక డాక్టరు దగ్గర తీయించుకోండి.

డాక్టరు దగ్గర ఎలా చేస్తారు?

ముందు లోపలికి లైటు వేసి చూస్తారు. సగం భద్రత అక్కడే ఉంది. పాతకాలపు పెద్ద లోహపు సిరంజిలు ఇప్పుడు చాలాచోట్ల మూలపడ్డాయి. 2018లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చేతి సిరంజితో కడగడం మానుకోమని, ఒత్తిడిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ యంత్రం వాడమని చెప్పాయి. కడగకూడని చెవులకు మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్నటి గొట్టంతో పీల్చే పద్ధతి ఉంది. నీళ్లు ఉండవు కాబట్టి చిల్లు ఉన్నా చేయవచ్చు. చప్పుడు మాత్రం చెవిలో జెట్ విమానం దిగినట్టు ఉంటుంది, ముందే తెలిస్తే ఉలిక్కిపడరు. చిన్న కొక్కెం లాంటి పరికరంతో లాగి తీయడం ఇంకో పద్ధతి.

చెవి కొవ్వొత్తులు, కెమెరా ఉన్న పుల్లలు?

చెవిలో కొవ్వొత్తి పెట్టి వెలిగిస్తే గులిమిని పీల్చేస్తుందన్నది అబద్ధం. కొలిచి చూస్తే అక్కడ పీల్చే శక్తే లేదు. చివర మిగిలే గోధుమరంగు పదార్థం కాలిన మైనం, గులిమి కాదు. కాలిన గాయాలు, చెవిలో కారిన మైనం మాత్రం నిజం. కెమెరా పుల్లలు చూడటానికి సరదాగానే ఉంటాయి. ఫోన్ తెరమీద పెద్దగా కనిపించేసరికి ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపలికి వెళ్లాలనిపిస్తుంది. తెర మీద లోతు తెలియదు.

మళ్లీ గడ్డకట్టకుండా ఏం చేయాలి?

ముందు కాటన్ బడ్స్ మానేయండి. తరచూ గట్టిపడేవాళ్లు వారానికోసారి రెండు చుక్కల ఆలివ్ నూనె వేసుకుంటే కొంత మేలు. వినికిడి యంత్రం ఉన్నవాళ్లు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చెవులు చూపించుకోవాలి, యంత్రం ఈలలు వేస్తోందంటే గులిమి ఉందేమో చూడమని ఒక గుర్తు. నెలనెలా కడుక్కోవడం అలవాటు చేసుకోకండి.

గులిమి వచ్చేసింది కానీ చెవి ఇంకా మూసుకుపోయినట్టే ఉంది. ఎందుకు?

కాసిన్ని నీళ్లు లోపల ఉండిపోయి ఉంటే ఒక పూటలో పోతుంది. ముక్క ఒకటి మిగిలి ఉండొచ్చు. జలుబు వల్ల కర్ణభేరి వెనక గాలి ఒత్తిడి మారినా ఇలాగే ఉంటుంది, అది కడిగితే పోయేది కాదు. మర్నాటికీ వినికిడి మామూలుకు రాకపోయినా, హోరు తగ్గకపోయినా, మళ్లీ సిరంజి పట్టుకోకుండా వెళ్లి చెవి చూపించుకోండి.